యోగా మ్యాట్ మీద అమరిక గీతలు: మీ ఒంటి కొలతకు మీరే వేసుకోవడం ఎలా

ఒకటి రెండేళ్లుగా వాడుతున్న యోగా మ్యాట్ మీ ఇంట్లో ఉంటే, దాన్ని ఒకసారి కిటికీ దగ్గర వెలుతురులో పరచి చూడండి. చేతులు ఆనే చోట, పాదాలు ఆనే చోట పైపొర నునుపెక్కి, రంగు వెలిసి కనబడుతుంది. ఆ అరుగుదల గుర్తులు కుడి ఎడమల రెండింటా ఒకే వరసలో ఉండటం అరుదు. నా పాత మ్యాట్ మీద కుడి మడమ గుర్తు ఎడమదానికంటే రెండు వేళ్ల మందం వెనక్కి జరిగి, కాస్త బయటికి తిరిగి ఉంది. అన్నాళ్లూ నేను తిన్నగానే నిలబడుతున్నానని అనుకుంటూ వచ్చాను. చేతులు, పాదాలు ఎక్కడ ఆనాలో చూపే అమరిక గీతలున్న మ్యాట్లు, తువ్వాళ్లు చేసే మేలు ఇదే: మ్యాట్ అరిగాక బయటపడే సంగతిని అవి మొదటి రోజే చూపిస్తాయి.

అయితే గీత ఎంతవరకు చెప్పగలదో ముందే తెలుసుకోవడం మంచిది. మీ పాదం, అరచేయి ఎక్కడ ఆనాయో మాత్రమే దానికి తెలుసు. మోకాలు లోపలికి వాలిందా, నడుము ఒక పక్కకు ఒరిగిందా, మెడ ముందుకు చాచుకుందా అన్నది దానికి పట్టదు. అయినా నిలబడి చేసే ఆసనాల్లో పొరపాటు చాలావరకు పాదాల దగ్గరే మొదలవుతుంది కాబట్టి, పాదం కుదిరితే పైన సరిచేసుకోవలసినది తగ్గుతుంది. పుణేలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ దశాబ్దాల పాటు పట్టుబట్టి నేర్పింది ఇదే. కాళ్లు చాచి పక్కకు వంగే త్రికోణాసనానికి కాళ్ల మధ్య 3 నుంచి 3.5 అడుగులు, ముందుకాలు మడిచి చేతులు పక్కలకు చాచే రెండో వీరభద్రాసనానికి 4 నుంచి 4.5 అడుగులు అని ఆయన పద్ధతిలో అంకెలతో సహా చెబుతారు. ఆ అంకెల్లో అర అడుగు వెసులుబాటు ఉండటం గమనించండి. అందరి కాళ్లూ ఒకే పొడవు ఉండవు కాబట్టే అది ఉంది. అచ్చువేసి అమ్మే గీతల మ్యాట్‌కు ఆ వెసులుబాటు ఉండదు. ఒక సగటు శరీరాన్ని ఊహించుకుని గీసిన గీతలే అందరికీ అందుతాయి. అందువల్ల గీతల మ్యాట్ కొన్నా, సాదా మ్యాట్ మీద మీరే గుర్తులు పెట్టుకున్నా, ముందుగా చేయవలసిన పని మీ కొలతలు మీరు తీసుకోవడమే.

కొలతలు తీసుకోవడం

దర్జీ టేపు, సుద్దముక్క, మందుల దుకాణంలో దొరికే కాగితపు ప్లాస్టర్, సాయానికి ఇంట్లో మరో మనిషి ఉంటే చాలు. ఈ పని మ్యాట్ మీద కాకుండా వట్టి నేల మీద చేయండి.

మొదటి కొలత రెండు పాదాల మధ్య ఎడం. యోగా తరగతుల్లో తరచుగా వినబడే తుంటి వెడల్పు అన్న మాటను చాలామంది నడుము పక్కల కండతో సహా లెక్కవేసి, కాళ్లు అవసరానికి మించి ఎడంగా పెడతారు. పొట్ట కింద, ముందు వైపున, రెండు పక్కలా వేళ్లకు గట్టిగా తగిలే ఎముకలు ఉంటాయి. వాటికి సూటిగా కింద పాదాలు ఉండాలి. సులువైన లెక్క ఏమిటంటే, మీ రెండు పిడికిళ్లూ పక్కపక్కన ఆనించి పాదాల లోపలి అంచుల మధ్య పెడితే సరిపోవాలి. కొలిచే పిడికిళ్లు మీవే కావాలి, పక్కన నిలబడ్డవారివి పనికిరావు. గర్భిణులు, పొట్ట పెద్దగా ఉన్నవారు ఇంకొంచెం ఎడం తీసుకోవచ్చు.

రెండో కొలత పాదం ఏ దిశకు తిరిగి ఉందన్నది. పాదాలు తడిపి, గచ్చు మీద మామూలుగా నిలబడి, పక్కకు తప్పుకుని ముద్రలు చూడండి. కడప బండ మీద ఈ ముద్ర స్పష్టంగా పడుతుంది, తెల్లటి పాలరాయి మీద అంతగా కనబడదు. మడమ మధ్య నుంచి బొటనవేలి పక్క వేలికి ఒక గీత ఊహించండి, అదే మీ పాదం దిశ. పాదం లోపలి అంచును ప్రమాణంగా తీసుకోకపోవడం మేలు, ఎందుకంటే పాదం మధ్యలో వంపు తక్కువగా ఉన్నవారికి ఆ అంచు ఉబ్బి దారి తప్పిస్తుంది. ముద్రలో నడుమ ఖాళీ లేకుండా పాదమంతా అచ్చు పడితే మీరూ ఆ కోవలోని వారే.

మూడో కొలత వీరభద్రాసనానికి కాళ్ల మధ్య దూరం. చేతులు రెండు పక్కలకూ భుజాల ఎత్తులో చాచి, మీ చీలమండలు మణికట్టుల కిందికి వచ్చేంత దూరం కాళ్లు ఎడంగా పెట్టండి. సాయానికి వచ్చినవారిని సుద్దతో రెండు పాదాల పక్కన గుర్తు పెట్టమనండి. ఒంటరిగా ఉంటే అద్దం ముందు చేయండి, కిందికి వంగి మీరే గుర్తు పెట్టబోతే కొలత మారిపోతుంది. ఈ దూరంలో ముందుకాలిని మడిచినప్పుడు మోకాలు చీలమండకు సూటిగా పైన ఉండాలి. మోకాలు వేళ్లను దాటి పోతే దూరం పెంచండి. వెనక మడమ లేచిపోతున్నా, గజ్జల్లో లాగినట్టున్నా తగ్గించండి. మీకు కుదిరే దూరం 4 అడుగుల లోపు వస్తే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. త్రికోణాసనానికి ఇందులోంచి ఒక అడుగు తగ్గిస్తే దాదాపు సరిపోతుంది.

నాలుగోది అధోముఖ శ్వానాసనంలో చేతులకూ పాదాలకూ మధ్య దూరం. దీన్ని నేరుగా ఆ ఆసనంలోకి వెళ్లి కొలవకండి. ముందు ఫలకాసనంలో, అంటే తల నుంచి మడమ దాకా ఒంటిని పలకలా నిలిపి, అరచేతులను భుజాల కిందికి తెచ్చుకుని, ఆ తర్వాత చేతులూ పాదాలూ కదపకుండా తుంటిని పైకి లేపండి. ఇప్పుడు ఉన్న దూరమే మీ దూరం. మడమలు నేలకు తాకడం లేదని పాదాలను ముందుకు జరపడం చాలామంది చేసే పని; దానితో మడమ నేలను తాకుతుంది గానీ వీపు గూనిలా ముడుచుకుంటుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి

మామూలు మ్యాట్ పొడవు 68 అంగుళాలు, అంటే 173 సెంటీమీటర్లు. వెడల్పు 24 అంగుళాలు, అంటే 61 సెంటీమీటర్లు. పొడవును మనిషి ఎత్తులో చెప్పుకుంటే 5 అడుగుల 8 అంగుళాలు. అంతకంటే పొడగరులు శవాసనంలో తలనో మడమలనో గచ్చు మీద పెట్టుకోక తప్పదు కాబట్టి, 72 అంగుళాలది గానీ ఇంకా పొడవైనది గానీ తీసుకోవడం మంచిది.

మందం విషయంలో మెత్తదనానికి ఆశపడకండి. పది, పదిహేను మిల్లీమీటర్ల మందంతో పరుపులా ఉండే మ్యాట్లు పడుకుని చేసే వ్యాయామాలకు బాగుంటాయి, కానీ వాటి మీద ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేస్తే చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. పాదం కుంగిపోయే మ్యాట్ మీద ఎంత చక్కని గీత ఉన్నా దాని వల్ల ఉపయోగం లేదు. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల లోపు చాలు. మోకాళ్లకు నొప్పి అనిపిస్తే అక్కడ మాత్రం దుప్పటి మడిచి వేసుకోండి. సహజ రబ్బరు మ్యాట్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి గానీ బరువెక్కువ, కొత్తలో వాసన వస్తుంది, రబ్బరు పాలు పడని ఒంటితత్వం ఉన్నవారికి పనికిరావు. పీవీసీవి చవక, ఏళ్ల తరబడి మన్నుతాయి. చెమట పట్టిన చేతికి జారడం వాటి లోపం.

గీతలున్న మ్యాట్ కొంటుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. నడిమి గీత నుంచి రెండు అంచులకూ టేపుతో కొలవండి. చవకరకం వాటిలో సగం సెంటీమీటరు తేడా ఉండటం నేను చూశాను, అలాంటి గీత మిమ్మల్ని రోజూ ఒక పక్కకే జరుపుతుంది. తడిగుడ్డతో గీత మీద రుద్ది గుడ్డకు రంగు అంటుతుందేమో చూడండి. పైన అచ్చువేసిన రంగు కంటే మ్యాట్‌లోనే చెక్కినట్టున్న గీత ఎక్కువ కాలం నిలుస్తుంది. తెల్లవారుజామున గది మసక వెలుతురులోనూ గీత కనబడేంత రంగు తేడా ఉండాలి. చక్రాలు, పూలు, పద్మాల మధ్య గీతను వెతుక్కోవలసి వచ్చే మ్యాట్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

సాదా మ్యాట్ మీద గుర్తులు పెట్టడం

ముందుగా మ్యాట్‌ను నేల మీద తిన్నగా పరవాలి. మన ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వేస్తున్న రెండడుగుల టైల్స్ వెడల్పు 60 సెంటీమీటర్లు, మ్యాట్ వెడల్పు 61. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి, మ్యాట్ అంచును టైల్ అతుకు గీతకు ఆనిస్తే అది నిటారుగా పడుతుంది. కొత్త మ్యాట్ కొసలు పైకి చుట్టుకుపోతుంటే ఒక రోజు తిరగేసి పరచి ఉంచండి.

తర్వాత మ్యాట్‌ను నిలువునా సగానికి మడిచి, మడత మీద వేలితో గట్టిగా రాసి, విప్పి, ఆ ఆనవాలు మీద సుద్దతో నడిమి గీత గీయండి. అదేవిధంగా అడ్డంగా మడిచి మధ్య గీత గీయండి. ఈ రెండే అసలు గీతలు. మిగతావన్నీ గీతలుగా కాకుండా అంచుల దగ్గర అంగుళం పొడవున్న చిన్న గుర్తులుగా పెట్టుకోవాలని నా సలహా. అరచేయి, పాదం ఆనే చోట రంగు గానీ ప్లాస్టర్ గానీ ఉంటే పట్టు తగ్గుతుంది. పైగా పదీ పదిహేను గీతలున్న మ్యాట్ మీద ఏది దేనికో గుర్తుపెట్టుకోవడమే ఒక పని అవుతుంది.

వీరభద్రాసనపు దూరాన్ని సగం చేసి, అడ్డ మధ్య గీత నుంచి ముందుకు సగం, వెనక్కి సగం కొలిచి నిలువు అంచుల మీద గుర్తు పెట్టండి. మీ దూరం 124 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే అటు 62, ఇటు 62. త్రికోణాసనానికి వాటి లోపల మరో జత గుర్తులు. నిటారుగా నిలబడే తాడాసనానికి మ్యాట్ ముందు అంచు మీద, నడిమి గీతకు రెండు పక్కలా, మీ పాదాల ఎడంలో సగం సగం. అధోముఖ శ్వానాసనానికి అరచేతులు, మడమలు వచ్చే చోట అంచుల మీద ఒక్కో గుర్తు. ఇవన్నీ మొదటి వారం కాగితపు ప్లాస్టర్ ముక్కలతోనే పెట్టండి. మ్యాట్‌ను తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిస్తే అవి అంటుకుంటాయి. ఏడెనిమిది రోజులు సాధన చేస్తే ఒకటి రెండు గుర్తులైనా జరపవలసి వస్తుంది. ఆ తర్వాతే చెరగని మార్కర్‌తో, నల్ల మ్యాట్ అయితే తెల్ల పెయింట్ పెన్నుతో, చుక్కలుగా పెట్టి ఒక పూట ఆరనివ్వండి.

ఆసనాల్లో వాడటం

తాడాసనంతో మొదలుపెట్టండి. బొటనవేలి పక్క వేలు, మడమ మధ్య రెండూ ముందు అంచు మీది గుర్తు సూటిలోకి వచ్చేలా పాదాలు పెట్టి, ఒకసారి చూసుకుని తల ఎత్తేయండి. మళ్లీ మళ్లీ కిందికి చూడటం ఈ మ్యాట్ల వల్ల వచ్చే కొత్త దురలవాటు. గీత కోసం మెడ వంచితే వీపు పైభాగం కూడా వెంటే వంగుతుంది, అమరిక కోసం కొన్న వస్తువే అమరిక చెడగొడుతుంది. అన్ని ఆసనాలకూ ఇదే నియమం: పాదాలు పెట్టేటప్పుడు చూడటం, ఆసనంలోకి వెళ్లాక చూడకపోవడం.

రెండో వీరభద్రాసనంలో నడిమి గీత ముందుపాదం మడమ కింద నుంచి బయలుదేరి వెనకపాదం మధ్య వంపు కిందకు చేరాలి. ముందుపాదం వేళ్లు గీత వెంట సూటిగా, వెనకపాదం మ్యాట్ వెనక అంచుకు సమాంతరంగా గానీ వేళ్లు కొంచెం లోపలికి తిరిగి గానీ ఉంటాయి. ఇంతవరకు గీత పని. ముందు మోకాలు బొటనవేలి వైపు కూలిపోకుండా, బొటనవేలి పక్క వేలికి సూటిగా నిలబెట్టడం మీ పని. ఆ మోకాలి పక్కన పొడవాటి స్కేలు నిలబెట్టి ఎవరినైనా చూడమంటే, మనం తిన్నగా ఉందనుకున్న మోకాలు ఎంత వాలిందో తెలిసివస్తుంది.

ఒంటిని ముందుకాలి వైపు తిప్పి చేతులు పైకెత్తే మొదటి వీరభద్రాసనం దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. అచ్చు మ్యాట్ల మీద వెనకపాదం కోసం 45 డిగ్రీల ఏటవాలు గీత ఉంటుంది. నేను మొదట కొన్న మ్యాట్‌కు అలాంటి గీతే ఉండేది. దాని మీద పాదాన్ని కచ్చితంగా నిలిపి, తుంటిని ముందుకు తిప్పే ప్రయత్నంలో వారాల తరబడి మోకాలి లోపలి పక్కన సలుపు తెచ్చుకున్నాను. మా గురువుగారు చూసి, "గీతను కాదండీ, మోకాలిని అడగండి" అని, వెనకపాదాన్ని ఇంకాస్త ముందుకు తిప్పించి, రెండు మడమల మధ్య రైలు పట్టాల్లా జానెడు ఎడం పెట్టించారు. సలుపు తగ్గింది. తొడ ఎముక తుంటి గుంటలో కూర్చునే కోణం మనిషికీ మనిషికీ మారుతుంది. పాదాన్ని గీత మీద బలవంతంగా నిలిపితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలిలో గానీ నడుములో గానీ నొప్పి వస్తే ఆ రోజుకు గీతను పక్కన పెట్టండి. శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు ఈ కొలతలన్నీ వైద్యుడికీ నేర్పేవారికీ చెప్పాకే మొదలుపెట్టాలి.

సూర్య నమస్కారాల్లో గుర్తుల ఉపయోగం నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. ఒక కాలు వెనక్కి చాచి ఉంచే అశ్వ సంచలనంలో ముందుపాదం రెండు చేతుల నడుమకు రావాలి. చాలామందికి అది అరచేతుల కంటే జానెడు వెనకే ఆగిపోతుంది, అప్పుడు తెలియకుండానే చేతులు వెనక్కి జరుపుకుంటారు. అలా పన్నెండు సార్లు చేసేసరికి మనిషి మ్యాట్ మధ్యలోకి వచ్చేస్తాడు. అరచేతుల గుర్తు ఉంటే ఈ జరుగుడు బయటపడుతుంది. పాదం అందకపోతే చేతులను వెనక్కి జరపకుండా, వెనక మోకాలు నేలకు ఆనించి, పిక్కను ఒక చేత్తో పట్టుకుని పాదాన్ని ముందుకు తెచ్చుకోండి. అధోముఖ శ్వానాసనంలో మణికట్టు ముడతలు మ్యాట్ ముందు అంచుకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. భుజాలు బిగుసుకున్నవారు వేళ్లను కాస్త బయటికి తిప్పుకోవచ్చు.

శవాసనానికి పెద్దగా చెప్పవలసింది లేదు. నడిమి గీత మీద కూర్చుని, వెనక్కి వాలి, తల గీత మీద ఉందో లేదో ఒకరిని చూడమనండి.

తువ్వాళ్లు, జంపఖానాలు

మే నెలలో విజయవాడలో గానీ రాజమహేంద్రవరంలో గానీ సాధన చేసేవారికి తువ్వాలు అవసరం వేరే చెప్పనక్కరలేదు. యోగా తువ్వాళ్లు చాలావరకు మైక్రోఫైబర్‌వి. అవి పొడిగా ఉంటే జారతాయి, తడిస్తే పట్టుకుంటాయి. అందుకని మొదలుపెట్టే ముందే అరచేతులూ పాదాలూ ఆనే చోట నీళ్లు చిలకరించాలి. అడుగున సిలికాన్ చుక్కలు గానీ, మ్యాట్ మూలలకు తొడిగే జేబులు గానీ ఉన్నవి తీసుకోండి, ఎందుకంటే గీతలున్న తువ్వాలు మ్యాట్ మీద రెండు వేళ్లు జరిగిందంటే గీత చెప్పేదంతా అబద్ధమే. స్నానపు తువ్వాలు ఈ పనికి రాదు. అది కాలి కింద ముడుచుకుపోతుంది.

నూలు జంపఖానా మాత్రం వేరు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి అడ్డచారలను చూస్తే ఇవి యోగా కోసమే నేశారా అనిపిస్తుంది. ఒక చార నుంచి ఇంకో చారకు ఎంత దూరమో ఒకసారి కొలిచి పెట్టుకుంటే, ముందుపాదం ఏ చార మీద, వెనకపాదం ఏ చార మీద అన్నది లెక్క తేలిపోతుంది. నునుపైన గ్రానైట్ మీద జంపఖానా జారుతుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ పట్టు ఉన్న పలుచని మ్యాట్ మీదే పరవండి. మైసూరులో అష్టాంగ సాధకులు నూలు చాపను వాడేదీ ఈ పద్ధతిలోనే. నడిమి గీతను మార్కర్‌తో గీయకుండా, ముదురు రంగు దారంతో గొలుసు కుట్టు వేయించండి. ఉతికితే నూలు కుంచించుకుపోతుంది కనుక, కుట్టు వేసే ముందే రెండుసార్లు తడిపి ఆరేయాలి. ఈ కుట్టుతో అనుకోని లాభం ఒకటుంది: కళ్లు మూసుకున్నా మడమ కింద దారం తగులుతుంది, చూడకుండానే పాదం ఎక్కడుందో తెలుస్తుంది.

శుభ్రత, గుర్తుల తనిఖీ

తలకు కొబ్బరినూనె రాసుకుని శవాసనంలో పడుకుంటే మ్యాట్ మీద నూనె మచ్చ పడి, ఆ చోట పట్టు పోతుంది. తల కింద పలుచని గుడ్డ వేసుకోండి. మ్యాట్‌ను తేలికైన సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. రబ్బరును ఎండలో వేస్తే పెళుసెక్కి పొడి రాలుతుంది. మైక్రోఫైబర్ తువ్వాలుకు బట్టలను మెత్తబరిచే ద్రవం వాడితే నీళ్లు పీల్చే గుణం పోతుంది. చుట్టేటప్పుడు పైభాగం బయటికి వచ్చేలా చుడితే, మర్నాడు పరిచినప్పుడు కొసలు లేవవు.

నెలకొకసారి ఒక పరీక్ష పెట్టుకోండి. మ్యాట్ మీద నిలబడి, కళ్లు మూసుకుని, ఉన్నచోటే పది అడుగులు వేసి, వీరభద్రాసనంలోకి వెళ్లి, కళ్లు తెరిచి గుర్తులు చూడండి. ప్రతిసారీ ఒకే కాలు ఒకే దిక్కుకు తప్పుతుంటే అది గుర్తు పొరపాటు కాదు, ఆ కాలి అలవాటు. రెండు కాళ్లూ ఒకే విధంగా గుర్తు దాటి పడుతుంటే మీ తొడ కండరాలు సాగి దూరం పెరిగిందన్నమాట; కొత్తగా కొలిచి గుర్తు జరపండి.

ఇంట్లో ఇద్దరు ఒకే మ్యాట్ వాడుతుంటే ఒకరి గుర్తులు ఎడమ అంచు మీద, ఇంకొకరివి కుడి అంచు మీద వేరే రంగులో పెట్టుకోండి. ఎదిగే పిల్లలకు చెరగని మార్కర్ వద్దు, సుద్ద చాలు. ఆరు నెలలకే వాళ్ల కాళ్లు ఆ గుర్తులను దాటిపోతాయి.